ఇల్లు సర్దే బూబమ్మ కేసు

తిరుపతిలో హరినాథ్ డిటెక్టివ్ ఆఫీసు ఒక టైలరు షాపు పైన, మిద్దె మీది గదిలో ఉండేది. కింద కుట్టుమిషన్లు ఆడుతుంటే పైన బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికేవి. ఆ రోజు పొద్దున ఆ నీళ్లకంటే ఎక్కువగా వణుకుతూ ఒకామె మెట్లెక్కి వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

మహిత లేచి కుర్చీ జరిపింది. హరినాథ్ దగ్గర సహాయకురాలిగా చేరి ఏడాది కావస్తున్నా, కొత్తవాళ్లతో మాట్లాడాలంటే మహితకు ఇంకా గొంతు పెగిలేది కాదు. అందుకని చూడటం బాగా నేర్చుకుంది. వచ్చినామె చీరకొంగు తల మీదుగా కప్పుకుంది. చేతులు శుభ్రంగానే ఉన్నాయి గానీ గోళ్ల అంచుల్లో బీరువాల అడుగున పేరుకునే నల్లటి దుమ్ము ఉంది.

"నా పేరు మహబూబున్నీసా సార్. చిత్తూరు నుంచి వచ్చినాను. సాయంత్రం లోపల మీరు ఏదో ఒకటి చేయకపోతే నా మీద పోలీసు కంప్లెయింట్ ఇస్తారు."

"ఏం చేసినారని?" అన్నాడు హరినాథ్.

"ఇల్లు సర్దినాను సార్."

హరినాథ్ నవ్వలేదు. నీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"ఇల్లు సర్దేదానికి కూడా మనుషుల్ని పెట్టుకుంటారా?" మహిత అనుకోకుండా పైకే అడిగేసి, నాలుక కరుచుకుంది.

"పెట్టుకుంటారమ్మా. ఇంట్లో పెద్దోళ్లు పోయినప్పుడు, అన్నదమ్ములు వేరుపడేటప్పుడు, ఇల్లు మారేటప్పుడు. సామాన్లు పేర్చేది ఎవరికైనా వస్తాది. తీసి పారేసేదే రాదు. ఆ చెంబు చూస్తే అమ్మ కనపడతాది, ఆ చొక్కా చూస్తే నాయన కనపడతాడు. చెయ్యి ఆడదు. నేను బయట మనిషిని గదా, నాకు చెంబు చెంబే. ఎత్తి చూపించి, ఇది ఉంచేదా, ఎవరికన్నా ఇచ్చేదా, పారేసేదా అని అడుగుతాను. ఒక్కోసారి ఆ ఒక్క మాటకు జవాబు చెప్పలేక ఏడుస్తారు. కూర్చుని వింటాను. నా పనిలో సగం వినేదే."

మాట్లాడే కొద్దీ ఆమె వణుకు తగ్గింది. తన పని గురించి చెప్పేటప్పుడు వేరే మనిషిలా ఉంది. రోజుకు ఒక గది చొప్పున సర్దుతుందట. గదిలో సామానంతా నడవలోకి తెచ్చి పరుస్తుంది. ఇంటామె ఎదురుగా లేకుండా బీరువా తెరవదు. గడప దాటే ప్రతి మూటకూ ఇంటామె చేతనే ముడి వేయిస్తుంది. సాయంత్రం పోయేటప్పుడు, ఎవరూ అడక్కపోయినా తన సంచి బోర్లించి చూపించి పోతుంది. చిత్తూరు చుట్టుపక్కల అందరూ ఆమెను ఇల్లు సర్దే బూబమ్మ అంటారు.

"ఈసారి ఎవరిల్లు?"

"చంద్రకాంతమ్మగారిది. రోడ్డు వెడల్పు చేస్తావుండారు గదా, వాళ్ల ఇంటి ముందు భాగం పోతాది. సామానంతా వెనక గదుల్లోకి సర్దాల. పెద్దాయన పోయి ఇంకా సంవత్సరీకం కూడా కాలేదు. ఆయమ్మకు ఏది ముట్టుకున్నా ఏడుపే. అందుకే నన్ను పిలిపించింది. నిన్న ఆమె పడకగది తీసినాము. నగల పెట్టెలో కాసులపేరు ఉండాది. ఆయమ్మే తీసి చూసుకుని, మళ్లీ పెట్టెలో పెట్టింది. పెట్టె నడవలో చాప మీద ఉండాది. మధ్యాహ్నం నేను నమాజుకు పెరట్లోకి పోయినా. ఆయమ్మ కాసేపు నడుం వాల్చింది. సాయంత్రం పెట్టె తెరిస్తే కాసులపేరు లేదు."

"మిమ్మల్నే అనుమానించినారు."

"అనుమానమైతే ఓర్చుకుందును సార్. కొడుకు సునీల్‌కుమార్ నన్ను వీధిలోకి పిలిచి, ఎదురుగా టీ అంగట్లో జనమంతా చూస్తావుంటే దొంగ అన్నాడు. రేపు పొద్దు గూకే లోపల నగ తెచ్చిపెట్టు, లేకపోతే స్టేషనే అన్నాడు. ఈ పొద్దున ఐరాల నుంచి ఫోను. వచ్చే వారం వాళ్లిల్లు సర్దాల్సింది. ఇప్పుడే వద్దులే బూబమ్మా అన్నారు." ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది. "పరాయి బీరువాల్లో చెయ్యి పెట్టేదాన్ని. ఒక్క ఇంట్లో దొంగ అన్నారంటే అన్ని ఇళ్లూ తలుపు మూస్తాయి. మా బిడ్డ అఖ్సా కాలేజీకి పోనని కూర్చునింది."

హరినాథ్ పెన్ను మూత పెట్టాడు. "ఆ ఇంట్లో ఇంకా ఏం సర్దాల్సి ఉండాది?"

"దేవుడి గది వాళ్లే సర్దుకుంటారు. నాకు అటక ఒక్కటే మిగిలింది. ఈ రోజు ఎక్కాల్సింది. నిన్న పొద్దున్నే నిచ్చెన అడిగినా. మెట్టు విరిగింది, చేయిస్తాలే అన్నాడు దామోదరంగారు. చంద్రకాంతమ్మ మరిది."

నగ సంగతి వదిలేసి అటక గురించి అడుగుతాడేమిటి అనిపించింది మహితకు. హరినాథ్ అప్పటికే చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని లేచాడు. "పదమ్మా. బాడుగకు కారు మాట్లాడుకుందాం."

వాళ్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. చంద్రకాంతమ్మ ఇంటి గోడ మీద రోడ్డువాళ్లు గీసిన ఎర్ర గీత నడవ మధ్యలోంచి పోతోంది. ఆ గీతకు ఇవతల ఉన్నదంతా కూలిపోతుంది. లోపల నడవ నిండా చాపలు, వాటి మీద మడతపెట్టిన చీరలు, కంచాలు, పాత గొడుగులు. సగంలో ఆగిపోయిన పని ఎంత దిగులుగా ఉంటుందో మహితకు అప్పుడు తెలిసింది.

సునీల్‌కుమార్ ముప్పై ఏళ్లవాడు. ఎరువుల అంగడి నడుపుతాడు. హరినాథ్‌ను ఎగాదిగా చూశాడు.

"బలే దానివే బూబమ్మా. డిటెక్టివ్‌నే తోడు తెచ్చుకున్నావా? మా నగ అమ్మి ఆయనకు ఫీజు ఇస్తావా ఏంది?"

మహబూబున్నీసా తల దించుకుంది. హరినాథ్ తాపీగా అడిగాడు. "ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం అప్పా. నిన్న మధ్యాహ్నం నువ్వు ఇంటికి వచ్చినావా?"

"అన్నానికి వచ్చినా. తిని పోయినా."

"ఈ నడవలో నుంచే?"

"మా ఇంట్లో నేను నడవలో నుంచి గాక గోడ దూకి పోవాల్నా?"

"అంటే పెట్టె పక్కనుంచే పోయినావు."

సునీల్‌కుమార్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోతే లోపలినుంచి తల్లి గొంతు వినిపించింది. "వాళ్లను రానియ్యి సునీలూ."

చంద్రకాంతమ్మ మంచం మీద కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. "అది మా అత్త మెడలోది. రాత్రి నుంచి నా నోట్లోకి ముద్ద దిగడం లేదు. బూబమ్మ తీసిందని నా నోటితో అనలేను నాయనా. తీయలేదని గట్టిగా చెప్పనూ లేను."

"యాడయాడ వెతికినారు?"

"ఆమె తిరిగిన గదులన్నీ. దేవుడి గది వెతకలేదు. నేను ఆ గదిలోకి రానమ్మా, మీరే సర్దుకోండి అని మొదటి రోజే చెప్పింది. ఆమె పోని చోట ఏం వెతుకుతాం?"

"పూజలు జరుగుతావుండాయా?"

"ఈ ఏడు మాకు పూజలేంది? ఆయన సంవత్సరీకం అయ్యేదాకా పండగలు లేవు, మొక్కులు లేవు, కొండకు పోయేది లేదు. కోడలు దీపం మటుకు పెడతాది. నేనైతే ఆ గుమ్మం తొక్కి చాన్నాళ్లయింది."

కోడలు స్రవంతి తలుపు పక్కన నిలబడి చీర అంచు నలుపుతోంది. హరినాథ్ తన వైపు తిరగగానే గబగబా అందుకుంది. "ఆ కాసులపేరు నాకు కావాలని నేను ఎప్పుడూ అడగలేదు. నేను వంటింట్లోనే ఉండా. కావాలంటే చెంగమ్మను అడగండి."

వంట చేసే చెంగమ్మ వంటింట్లోంచే పలికింది. "ఉన్నాదిలే సామీ. టీవీలో సీరియల్ మొదలయ్యేదాకా ఉన్నాది."

"నువ్వు ఊరుకో," అంది స్రవంతి. ఆమె చెవులు కూడా ఎర్రబడ్డాయి. అడక్కుండానే అంత జవాబు చెప్పిందంటే ఈమెనేనేమో అని మహితకు తోచింది.

హరినాథ్ మెల్లగా అన్నాడు. "మహితా, కాళ్లు కడుక్కుని దేవుడికి ఒక దండం పెట్టుకుని రాపో. అంతా చూసి రా."

దేవుడి గది చిన్నది. వెంకటేశ్వరస్వామి పటం కింద చెక్క పలక మీద మూడు ముడుపులు ఉన్నాయి. కొండకు మొక్కుకుని, డబ్బో బంగారమో పసుపు గుడ్డలో మూటకట్టి, మొక్కు తీర్చే రోజుదాకా ఎవరూ విప్పకుండా దేవుడి దగ్గర పెట్టే మూటలు. రెండు వెలిసిపోయి పాత కాగితం రంగుకు తిరిగాయి. మూడోది పచ్చగా మెరుస్తోంది. మహిత దండం పెట్టుకుని వంగినప్పుడు వేలు దానికి తగిలింది. వేలి కొసకు పసుపు అంటింది.

బయటికి వచ్చాక హరినాథ్ ఆమె మొహం చూడలేదు. వేలు చూశాడు. మహిత మూడో ముడుపు సంగతి చెప్పింది.

దామోదరం పెరట్లో నులకమంచం మీద ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, ఎండకు నల్లబడిన మెత్తటి మొహం. కుటుంబం చేలన్నీ చూసుకునేది ఆయనే. వాళ్లను చూడగానే లేచి మంచం చూపించాడు.

"కూర్చోండప్పా. ఎండలో వచ్చినారు. చెంగమ్మా, వీళ్లకు మజ్జిగ తేమ్మా." గొంతు తగ్గించాడు. "ఆ బూబమ్మను ఏమీ అనొద్దని మావాడికి రాత్రే చెప్పినా. దుడుకు ఎక్కువ వాడికి. పోయింది ఎట్లాగూ పోయింది. ఇప్పుడు పోలీసులు గీలీసులు ఎందుకు? ఆమెను ఇంక రావద్దని చెప్పి పంపించేస్తే సరి. మిగిలింది మేమే సర్దుకుంటాం."

ఇంట్లో ఇంత దయగా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. మహితకు ఆయన మీద గౌరవం కలిగింది.

"నగ దొరకాలని లేదా మీకు?" అన్నాడు హరినాథ్.

"ఎందుకు లేదు? వదినది గదా. కానీ దొరికే రాత ఉంటే అదే దొరుకుతాది."

గోడకు ఆనించిన నిచ్చెన దగ్గరికి పోయి హరినాథ్ చెయ్యి వేశాడు. నల్లబడిన గట్టి కర్ర. నడిమి మెట్టు ఒక్కటే రెండుగా విరిగి ఉంది. విరిగిన చోట లోపలి చెక్క పాలమీగడలా తెల్లగా ఉంది.

"పాతబడిపోయింది," అన్నాడు దామోదరం.

హరినాథ్ తలూపి, లోపలికి వచ్చి, మూలనున్న బూజుకర్ర అందుకున్నాడు. అటక మీద గోనెసంచుల్లో కట్టిన ఇత్తడి సామాన్లు వరసగా కనిపిస్తున్నాయి. గుండిగలు, గంగాళాలు, అండాలు. ఇంట్లో పెళ్లి జరిగితేనే దించే సామాన్లు. బూజుకర్రతో ముందు వరసలో ఒక సంచిని పొడిచాడు. ఖంగుమంది. కర్రను ఇంకా లోపలికి చాచి వెనక సంచిని పొడిచాడు. చప్పుడు లేదు. మెత్తగా దిగింది.

ఇత్తడి మీద కర్ర అలా దిగదే అనుకుంది మహిత.

పొద్దు వాలేసరికి సునీల్‌కుమార్ మోటారు సైకిలు తాళం చేత్తో తిప్పుతూ వచ్చాడు. "చెప్పినమాట చెప్పినట్టే. నేను స్టేషనుకు పోతావుండా."

"పో అప్పా. పోయే ముందు ఒక్క మాట విను. అందరూ రండి," అన్నాడు హరినాథ్.

నడవలో చాపల చుట్టూ అందరూ నిలబడ్డారు. చంద్రకాంతమ్మ ఒక్కతే కుర్చీలో కూర్చుంది. మహబూబున్నీసా గుమ్మం దగ్గర గోడకు ఆనుకుంది, ఇంకో అడుగు లోపలికి వేసే హక్కు లేనట్టు.

"ఈ నగ ఎవరు తీసి ఉంటారు అని ఆలోచిస్తే నాకు దారి దొరకలేదు. పెట్టె నడవలో ఉంది. సునీల్ దాని పక్కనుంచే పోయినాడు. స్రవంతి వంటింట్లోంచి టీవీ దగ్గరికి ఇట్లాగే పోయింది. చెంగమ్మ ఇట్లాగే తిరిగింది. దామోదరంగారు పెరట్లోకి ఇట్లాగే పోవాల. చెయ్యి అందనోళ్లు ఎవరూ లేరు. అందుకని నన్ను నేనే ఇంకో మాట అడిగినాను. నగ పోయినందువల్ల ఈ ఇంట్లో ఏం ఆగిపోయింది?"

చంద్రకాంతమ్మ అంది. "సర్దుడు ఆగిపోయింది."

"ఏది సర్దేది?"

"ఈ రోజు అటక."

"అదీ. రోజుకు ఒక గది సర్దుకుంటా వచ్చిన మనిషి, ఈ రోజు అటక ఎక్కుతుందనగా నిన్న దొంగ అయింది. చెంగమ్మా, పక్కింట్లో అడగమన్న నిచ్చెన వచ్చిందా?"

చెంగమ్మ నిచ్చెన తెచ్చి వేసింది. "సునీలూ, నువ్వే ఎక్కు. వెనక వరస చూడు," అన్నాడు హరినాథ్.

సునీల్‌కుమార్ విసుగ్గా ఎక్కాడు. ముందు సంచులు జరిపే చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఒక గోనెసంచి కిందికి జారి చాప మీద పడి పిగిలింది. వడ్ల ఊక నడవంతా చిమ్మింది.

"మా," అన్నాడతను పైనుంచి. గొంతులో విసుగు పోయింది. "ముందు నాలుగూ తప్ప అన్నీ ఊకే. ఇత్తడి లేదు. మన గంగాళాలు లేవు."

"పెళ్లికి తప్ప ఎవరూ దించని సామాన్లు," అన్నాడు హరినాథ్. "ఒక్కొక్కటే బయటికి పోయింది. ఊక నింపి ఆ స్థానంలో పెడితే కింద నుంచి చూసేవాళ్లకు తేడా తెలీదు. ఇంట్లో మళ్లీ పెళ్లి అయ్యేదాకా భయం లేదు. అయితే ఈ లోపల రోడ్డు వచ్చింది. బూబమ్మ వచ్చింది. ఆమె ప్రతి సంచీ విప్పుతుంది, ప్రతి సామానూ చేత్తో పట్టుకుని ఇది ఎవరిదని అడుగుతుంది. ఆమెను ఆపాల. నిచ్చెన అడగ్గానే మెట్టు విరిగింది. గట్టి కర్ర, తెల్లటి విరుపు, అంటే కొత్తగా విరిచింది. దాంతో ఒక్క రోజే ఆగుతుంది. అందుకని కాసులపేరు పోయింది. సునీల్ నగ కావాలంటాడు. చంద్రకాంతమ్మ నగ కావాలంటుంది. ఒక్కరు మటుకు నగ పోతే పోనీ, పోలీసులు వద్దు, ఆమె ఇంటికి రాకపోతే చాలు అన్నారు."

మహితకు మధ్యాహ్నం కలిగిన గౌరవం గుర్తొచ్చి మొహం వేడెక్కింది. అందరి చూపులూ ఒకే వైపు తిరిగాయి.

"నిచ్చెన విరిగిందంటే దొంగనా?" అన్నాడు దామోదరం. గొంతు ఇంకా మెత్తగానే ఉంది.

"కాదు. అందుకే ఇది కూడా చూడాల. నగ దాచే మనిషి, ఎవరూ వెతకని చోటు చూసుకుంటాడు. ఆమె తిరిగిన గదులన్నీ వెతుకుతారని తెలుసు. ఆమె దేవుడి గదిలోకి పోదనీ తెలుసు. స్రవంతీ, పటం కింద కొత్త ముడుపు ఉండాది. ఎవరిది?"

స్రవంతి తడబడింది. "పొద్దున దీపం పెట్టేటప్పుడు చూసినా. అత్త కట్టిందనుకున్నా."

"నేనా?" చంద్రకాంతమ్మ కుర్చీలోంచి లేచింది. "ఆయన సంవత్సరీకం కాకుండా ముడుపు ఎట్లా కడతాను? ఈ ఏడు ఈ ఇంట్లో ఎవరు కడతారు?"

"ఎవరూ కట్టకూడదు. తొందరలో కట్టినాయనకు అది గుర్తు రాలేదు. ముడుపును ఎవరూ విప్పరన్నదే గుర్తొచ్చింది. మొక్కు లేని ముడుపు విప్పితే పాపం లేదమ్మా. తెచ్చి విప్పండి."

చంద్రకాంతమ్మ తెచ్చింది. ఆమె వేళ్లు పచ్చబడ్డాయి. ముడి గట్టిగా ఉంది, పళ్లతో లాగాల్సి వచ్చింది. కాసులపేరు ఆమె దోసిట్లోకి జారింది. ఆమె దాన్ని చూడలేదు. మరిదిని చూసింది.

దామోదరం నేల మీద కూర్చుండిపోయాడు.

"బోర్లు వదినా. ఒకటి ఎండిపోతే ఇంకోటి వేయించినా. మూడోది కూడా దుమ్మే లేపింది. ఈసారి నీళ్లు పడితే అన్నీ తిరిగి కొనిపెడదామనుకున్నా. అన్న ఉన్నప్పటి నుంచీ... నీకు చెప్పేదానికి మొగం చాలలేదు. కాసులపేరు అమ్ముకోవాలని తీయలేదు. దేవుడి మీద ఒట్టు. ఆమె పోయినాక నేనే దొరికిందని తెచ్చిచ్చేవాణ్ణి."

గుమ్మం దగ్గరినుంచి మహబూబున్నీసా మొదటిసారి మాట్లాడింది. "నా పేరు ఎవరు తెచ్చిచ్చేవాళ్లు?"

దామోదరం చాప మీది ఊకను చేత్తో ఒకచోటికి పోగు చేయసాగాడు.

"గంగాళాలు నీళ్ల కోసం అమ్మినావు. అడిగింటే నేనే దించి ఇచ్చేదాన్ని," అంది చంద్రకాంతమ్మ. "ఈ తల్లి మీద వేసినావే, దానికి ఏం చెప్పమంటావు దామోదరం?"

సునీల్‌కుమార్ నిచ్చెన దిగాడు. చొక్కా అంతా ఊక. తల గోక్కుంటూ, "తప్పైపోయింది బూబమ్మా," అన్నాడు.

"ఈడ కాదు సామీ. టీ అంగడి ముందర అన్నావు," అందామె. గొంతు వణకలేదు.

అతను తల్లి వైపు చూశాడు. తల్లి కదల్లేదు. సునీల్‌కుమార్ చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచాడు. వెనకే మహబూబున్నీసా, ఆ వెనక అందరూ. టీ అంగట్లో నలుగురైదుగురు ఉన్నారు. ఎదురు మిద్దె మీద ఆడవాళ్లు బట్టలు తీస్తున్నారు.

"నగ దొరికింది. బూబమ్మ తీయలేదు," అన్నాడు సునీల్‌కుమార్.

"మిద్దె మీదోళ్లకు వినపళ్లేదు," అంది మహబూబున్నీసా.

అతను గట్టిగా మళ్లీ చెప్పాడు. మిద్దె మీది చేతులు ఆగాయి. టీ అంగట్లోంచి ఒకాయన అడిగాడు. "మరి ఎవరు తీసినారప్పా?"

సునీల్‌కుమార్ ఇంటి గుమ్మం వైపు తిరిగి చూశాడు. ఇంటి పరువు అడ్డొచ్చింది. ఆ ప్రశ్నకు జవాబు రాకపోతే ఈ వీధి రేపటికి మళ్లీ ఆమెనే అనుకుంటుందని మహితకు అర్థమైంది. హరినాథ్ వైపు చూసింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇది ఇంటివాళ్లే చెప్పాల్సిన మాట.

గుమ్మంలోంచి దామోదరం వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు.

"నేను తీసినా," అన్నాడు. "ఆయమ్మకు ఏమీ తెలీదు. నేనే తీసి, ఆమె మీద పోనిచ్చినా."

టీ అంగట్లో గరిటె చప్పుడు కూడా ఆగింది. దామోదరం ఎవరి వైపూ చూడకుండా లోపలికి పోయాడు.

అప్పుడు మహబూబున్నీసా వెనక్కి జరిగి ఇంటి అరుగు మీద కూర్చుంది. అన్ని రోజులుగా ఆ ఇంట్లో పని చేస్తున్నా ఆ అరుగు మీద కూర్చోవడం అదే మొదటిసారి. చంద్రకాంతమ్మ కూడా వచ్చి పక్కనే కూర్చుంది. పసుపు అంటిన చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని, వీధికి అవతల ఉన్న టీ అంగడివాణ్ణి గట్టిగా కేకేసింది.

"రెండు టీలు పంపబ్బా. ఒకటి నాకు, ఒకటి మా బూబమ్మకు."

టీలు వచ్చాయి. వీధంతా చూస్తుండగా ఇద్దరూ తాగారు. ఏమాత్రం తొందరపడలేదు.